మూడో సిలిండర్ మిస్సింగ్ వదలట్లేదు: ఎర్రర్ కోడ్ పీ0303, పెట్రోల్ + సీఎన్‌జీ, ప్లగ్గులు కాయిల్ మార్చినా అదే

గుంటూరు_హ్యాచ్

నమస్కారమండి. మళ్లీ మళ్లీ అడిగించుకోకుండా వివరాలన్నీ ఒకేచోట పెడుతున్నా.

బండి: 2015 హ్యాచ్‌బ్యాక్, 1.2 లీటర్ల నాలుగు సిలిండర్ల పెట్రోల్, డబుల్ క్యామ్, 16 వాల్వులు, టైమింగ్ చైన్. తర్వాత బిగించిన సీక్వెన్షియల్ సీఎన్‌జీ కిట్. 1,18,000 కి.మీ. తిరిగింది, అందులో 80 వేలకు పైగా గ్యాస్ మీదే.

కంప్లయింట్: పొద్దున స్టార్ట్ చేస్తే మొదటి అర నిమిషం నున్నగా ఉంటుంది. తర్వాత ఊగడం మొదలు. మూడు నాలుగు నిమిషాలు మూడో సిలిండర్ మిస్సింగ్, చెక్ ఇంజిన్ లైటు ఒక్కోసారి మిణుకుతుంది. టెంపరేచర్ ఎక్కాక సర్దుకుంటుంది, ఐడ్లింగ్‌లో చిన్న వణుకు మాత్రం మిగులుతుంది. రేస్ చేస్తే అదీ ఉండదు. ఇంకో సంగతి, హైవే మీద గ్యాస్‌తో గట్టిగా తోలి టోల్ గేట్ దగ్గర ఆపితే కాసేపు మళ్లీ ఊగుతుంది.

మార్చినవి: నాలుగు ప్లగ్గులు, మూడో కాయిల్, ఎయిర్ ఫిల్టర్. థ్రాటిల్ బాడీ క్లీనింగ్, ఇంజెక్టర్ క్లీనింగ్ కూడా అయ్యాయి.

స్కానర్‌లో: పీ0303 ఒక్కటే. మిస్ అవుతున్నప్పుడు పెట్రోల్ సర్దుబాటు చూపే షార్ట్ ట్రిమ్ +8 శాతం, లాంగ్ ట్రిమ్ +6 శాతం. వేడెక్కాక ఐడ్లింగ్‌లో మ్యాప్ (మ్యానిఫోల్డ్ గాలి ఒత్తిడి) 36 కిలోపాస్కల్. ఛార్జింగ్ 14.1 వోల్టులు.

గ్యారేజీలో ఇప్పుడు ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) పోయింది అంటున్నారు. అంతదాకా వెళ్లే ముందు ఇంకేం చూడాలి?

కరీంనగర్_కాయిల్

ఈసీయూ మాట ఇప్పుడే వద్దన్నా. కొత్త కాయిల్ వేసినమంటే కాయిల్ మంచిదని కాదు, బజార్ల దొరికే డూప్లికేట్ కాయిల్ డబ్బాల నుంచే ఖరాబు వస్తది. అదలాబదల చేసి చూసుడే నికరం. మూడు వస్తువులను మూడు వేర్వేరు సిలిండర్లకు మార్చు, ఒక్క రన్నుల మూడింటి సంగతి తేలుతది:

మూడో కాయిల్ ఒకటో సిలిండర్‌కు. మూడో ప్లగ్గు రెండో సిలిండర్‌కు. మూడో పెట్రోల్ ఇంజెక్టర్ నాలుగుకు. కోడ్ క్లియర్ చేసి, రాత్రంతా ఆపి, పొద్దున స్టార్ట్ చెయ్. పీ0301 వస్తే కాయిల్, పీ0302 వస్తే ప్లగ్గు, పీ0304 వస్తే ఇంజెక్టర్. మళ్లీ పీ0303 వచ్చిందా, ఆ మూడూ నిర్దోషులు.

జాగ్రత్తలు: ఇంజెక్టర్ రైలు విప్పే ముందు ఫ్యూయల్ పంప్ ఫ్యూజు పీకి ఇంజిన్ ఆగిపోయేదాకా తిప్పు, లేకుంటే 3 బార్ల పైన ప్రెషర్ల ఉన్న పెట్రోల్ మొఖం మీద కొడతది. ఓ-రింగులు కొత్తయి వెయ్, ఇంజిన్ ఆయిల్ చుక్క రాసి తొయ్యి. ప్లగ్గులు ఇంజిన్ చల్లారినంక తియ్. అల్యూమినియం హెడ్డు వేడి మీద తీస్తే మరలు ఊడొస్తయ్.

ప్లగ్గు బయటికొచ్చినంక తెల్ల పింగాణీ మీద పెన్సిల్ గీత లెక్క నల్ల చార ఉందా చూడు. ఉంటే కరెంటు ప్లగ్గు లోపలికి పోకుండ గోడ మీంచి ఎర్త్‌కు దూకుతున్నది. అప్పుడు ప్లగ్గొక్కటే మారిస్తే సాలదు, కాయిల్ కింది రబ్బరు బూటు మీద కూడా అదే గీత ఉంటది, అది కొత్త ప్లగ్గును కూడా పాడు చేస్తది. ప్లగ్గు గుంటల ఆయిల్ ఉంటే ట్యూబ్ సీల్ పోయినట్టు.

ఇంకోటి, కాయిల్‌కు మూడు నాలుగు పిన్నులుంటే ఇగ్నైటర్ (కాయిల్ కరెంటును ఆన్-ఆఫ్ చేసే స్విచ్) లోపలే ఉన్నట్టు. మల్టీమీటర్‌తోని ఓమ్స్ కొలిచి మంచిది, చెడ్డది అనేటోళ్ల మాట వినకు.

స్పీడ్‌బ్రేకర్

ట్రిమ్ మొత్తం +14 అంటే లీన్ (పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువ). ఆక్సిజన్ సెన్సార్ మార్చండి బ్రో, క్లియర్ అయిపోతుంది. లేదంటే ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్ ప్రభావం.

ఫిల్లర్‌గేజ్

రెండూ కాదండి.

మండని సిలిండర్ నుంచి పెట్రోల్‌తో పాటు వాడని ఆక్సిజన్ కూడా సైలెన్సర్‌లోకి పోతుంది. సెన్సార్ చూసేది ఆక్సిజన్‌నే, పెట్రోల్‌ను కాదు. కాబట్టి మిస్సింగ్ ఉన్న ప్రతి బండిలోనూ ‘గాలి ఎక్కువైంది’ అని చెబుతుంది, ఈసీయూ పెట్రోల్ పెంచుతుంది. ఇక్కడ ప్లస్ ట్రిమ్ మిస్సింగ్ వల్ల వచ్చింది, మిస్సింగ్‌కు కారణం కాదు. సెన్సార్ నిజమే చెబుతోంది.

ఈ20 సంగతి: ఈ10కు గాలి-ఇంధన నిష్పత్తి 14.1, ఈ20కు సుమారు 13.5. తేడా నాలుగు శాతం, అది ట్రిమ్‌లోనే సర్దుకుంటుంది. పైగా ట్యాంకు ఒకటే అయినప్పుడు నాలుగు సిలిండర్లకూ ఒకే పెట్రోల్ కదా, మూడోదానికే ఎందుకు చేదవుతుంది? ఒకే సిలిండర్ కోడ్ వస్తే ఆ సిలిండర్‌కు సొంతమైన వస్తువులే చూడాలి: దాని కాయిల్, ప్లగ్గు, ఇంజెక్టర్, వాటి వైర్లు, దాని మ్యానిఫోల్డ్ గొట్టం దగ్గరి గ్యాస్కెట్, దాని కంప్రెషన్. పంపు, ఫిల్టర్, ఆక్సిజన్ సెన్సార్, క్రాంక్ సెన్సార్ అందరి ఉమ్మడి ఆస్తి. అవి పోతే సాధారణంగా పీ0300 (ఏ ఒక్క సిలిండర్‌కూ పరిమితం కాని మిస్సింగ్ కోడ్) వస్తుంది, లేదా కోడ్ ఒక సిలిండర్ మీద నిలవదు.

గుంటూరు గారు ఇచ్చినదాంట్లో అన్నిటికన్నా విలువైనది ట్రిమ్ కాదు, వేళ. మిస్సింగ్ ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగుతుందో దాన్నిబట్టే సగం జబ్బు తెలుస్తుంది. తాళం తిప్పగానే ఊగి పది ఇరవై సెకన్లలో సర్దుకుంటే రాత్రంతా కారిన ఇంజెక్టర్, లేదా సిలిండర్‌లోకి ఊరిన కూలెంట్. లోడు మీద, ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రమే అయితే ఇగ్నిషన్. మీది ఈ రెండూ కాదు. మొదటి అర నిమిషం బాగుండటం, తర్వాత చెడటం, మళ్లీ బాగవటం. ఈ వరస ఇంకో చోటికి చూపిస్తోంది. అయితే ముందు కరీంనగర్ అన్న చెప్పిన మార్పిడి పూర్తి చేసి రండి. అది తేలకుండా హెడ్డు కవర్ విప్పడం దండగ.

ఆలోపు, లైటు మిణుకుతున్నప్పుడు బండిని గట్టిగా తోలకండి. ఆ మిణుకు అర్థం మండని పెట్రోల్ క్యాటలిటిక్ కన్వర్టర్‌లో (పొగను శుద్ధి చేసే డబ్బాలో) మండి దాన్ని కరిగించే స్థాయికి వచ్చిందని.

సోల్డర్_సుబ్బు

తర్వాత బిగించిన కిట్ అన్నారు కాబట్టి ఒక మాట. సీక్వెన్షియల్ కిట్ బిగించేటప్పుడు ప్రతి పెట్రోల్ ఇంజెక్టర్ వైరునూ మధ్యలో కత్తిరించి గ్యాస్ ఈసీయూ గుండా తిప్పుతారు. మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటు మూడు నాలుగేళ్లకు పచ్చబడిపోతుంది. అప్పుడు ఆ ఒక్క సిలిండర్‌కే, పెట్రోల్ మీదున్నప్పుడే మిస్సింగ్ వస్తుంది. ఇంజెక్టర్ మార్చి చూసినా కోడ్ కదలదు, ఎందుకంటే తప్పు వైరులో ఉంది.

గుర్తుంచుకోండి, చల్లగా ఉన్నప్పుడు మీ బండి పెట్రోల్ మీదే నడుస్తుంది. కూలెంట్ 35-40 డిగ్రీలు దాటాకే గ్యాస్‌కు మారుతుంది. అంటే పొద్దుటి మిస్సింగ్‌లో గ్యాస్ ఇంజెక్టర్లు, రెడ్యూసర్ (గ్యాస్ ప్రెషర్ తగ్గించేది), గ్యాస్ ఫిల్టర్ ఏవీ లేవు. వాటిని వదిలేయండి.

చూసే పద్ధతి: మూడో ఇంజెక్టర్ సాకెట్‌లో నాయిడ్ లైటు (ఇంజెక్టర్‌కు సిగ్నల్ వస్తోందో లేదో చూపే చిన్న బల్బు) పెట్టి ఇంజిన్ నడపండి, మిగతా మూడింటితో సమానంగా వెలగాలి. తర్వాత సాకెట్ బిగించి, ఇంజిన్ నడుస్తుండగా ఆ జాయింటును చేత్తో కదపండి. ఇంజిన్ తడబడితే దొంగ దొరికినట్టే. ఇంజెక్టర్ ఓమ్స్ కూడా చూడండి, ఈ రకానికి 12 నుంచి 16 మధ్య, నాలుగూ దగ్గరదగ్గరగా ఉండాలి. జాయింటు అనుమానంగా ఉంటే కోసేసి సోల్డర్ చేసి హీట్ ష్రింక్ స్లీవ్ వేయండి, టేపు కాదు.

అలాగే ఎలుకలు. ఇంజిన్ మీద చిన్న చిన్న పెంట ముక్కలు కనిపిస్తే హార్నెస్ మొత్తం తడిమి చూడాల్సిందే.

గుంటూరు_హ్యాచ్

మార్పిడి అయింది. కాయిల్ 1కి, ప్లగ్గు 2కి, ఇంజెక్టర్ 4కి. పొద్దున మళ్లీ పీ0303. ప్లగ్గుల మీద నల్ల చార లేదు, గుంటలు పొడిగా ఉన్నాయి. గ్యాప్ నాలుగింటికీ 0.8 మి.మీ.

నాయిడ్ లైటు నాలుగింట్లో ఒకేలా వెలిగింది. జాయింట్లు టేపువే, కదిపినా తేడా లేదు. అయినా సుబ్బు గారి మాట ప్రకారం నాలుగూ సోల్డర్ చేయించాను. మిస్సింగ్ అలాగే ఉంది. ఇంజెక్టర్లు 13.8 నుంచి 14.1 ఓమ్స్.

గ్యారేజీలో కంప్రెషన్ తీశారు. ఇంజిన్ పూర్తి వేడి మీద 12.8, 12.6, 10.9, 12.7 బార్. ‘పది పైన ఉంది, ఢోకా లేదు’ అన్నారు.

వరంగల్_వీల్స్

మధ్యల దూరుతున్న, ఏమనుకోకుండ్రి. నా బండి గ్యాస్ మీదనే మిస్సింగ్ కొడుతది, పెట్రోల్‌కు మారిస్తే సక్కగ పోతది. అన్ని సిలిండర్ల కోడ్‌లు మారి మారి వస్తున్నయ్. ఇదే జబ్బా?

కరీంనగర్_కాయిల్

కాదు, నీది సులువు. గ్యాస్ మిశ్రమానికి నిప్పు రవ్వ దూకాలంటే పెట్రోల్ కన్నా ఎక్కువ వోల్టేజీ కావాలె. ప్లగ్గు అరిగి గ్యాప్ 1.1కి పోతే పెట్రోల్‌ల తెల్వది, గ్యాస్‌ల బయటపడ్తది. 0.7-0.8 గ్యాప్‌తోని కొత్త ప్లగ్గులు వెయ్. ఇరిడియం ప్లగ్గుకు గ్యాప్ సరిచేసుడు పెట్టుకోకు, నడిమి సన్న ముక్క విరుగుతది, సరైన గ్యాప్ ఉన్న నంబరే కొను. అయినా పోకుంటే తక్కువ ప్రెషర్ వైపు గ్యాస్ ఫిల్టర్, తర్వాత గ్యాస్ ఇంజెక్టర్ల రబ్బరు గొట్టాలు, ఆ తర్వాత రెడ్యూసర్. గ్యాస్ సిలిండర్ ఖాళీ అయ్యే ముందే మిస్సింగ్ ఎక్కువైతే రెడ్యూసర్‌నే అనుమానించు. వేరే థ్రెడ్ తెరువు, ఇక్కడ కలగాపులగం అయితది.

కృష్ణాతీరం

@గుంటూరు, మూడులో 10.9 అంటే హెడ్ గ్యాస్కెట్ కూడా చూడాలండి. పొద్దున పూట మిస్సింగ్ అంటే నాకు మొదట అదే గుర్తొస్తుంది.

ఫిల్లర్‌గేజ్

గ్యాస్కెట్ అయితే స్టార్ట్ చేసిన క్షణంలోనే మిస్ అవ్వాలి. రాత్రి ఊరిన కూలెంట్ ప్లగ్గును తడిపి ఉంచుతుంది, మండుతున్న కొద్దీ ఆరిపోతుంది. ఇక్కడ మొదటి అర నిమిషం బాగుందంటున్నారు, వరస తలకిందులు. అయినా అడ్డు తీసేయడం తేలికే: రేడియేటర్ మూతి మీద బ్లాక్ టెస్టర్ పెట్టి ఇంజిన్ వేడి మీద గాలి లాగండి, నీలం ద్రవం పసుపు రంగుకు తిరిగితే గ్యాస్కెట్. కూలెంట్ తగ్గకపోతే, ద్రవం రంగు మారకపోతే పక్కన పెట్టేయండి.

ఇక కంప్రెషన్. ‘పది పైన ఉంది’ అనడంతో సరిపోదు. ఇక్కడ చూడాల్సింది సిలిండర్ల మధ్య తేడా. మిగతా మూడూ 12.7 దగ్గర కూర్చుంటే ఒకటి 1.8 బార్ కిందుంది. ఒక బార్ దాటితేనే నేను ఆగి చూడమంటాను. పైగా కొలిచింది పూర్తి వేడి మీద, అంటే మీ బండి ఆరోగ్యంగా ఉండే వేళలో. జ్వరం లేనప్పుడు థర్మామీటర్ పెట్టారు.

ఇలా చేయండి. సామాన్లన్నీ ముందే సిద్ధం చేసుకుని రాత్రంతా ఆపిన బండిని స్టార్ట్ చేయండి. ఊగడం మొదలయ్యాక ఒక నిమిషం ఉంచి ఆపేయండి. వెంటనే నాలుగు కాయిల్స్, నాలుగు ప్లగ్గులు తీయండి. ఆ కాసేపట్లో హెడ్డు గోరువెచ్చగానే ఉంటుంది, మరలకు ప్రమాదం లేదు. ఇంజెక్టర్ సాకెట్లు పీకండి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి ఐదారు కంప్రెషన్లు తిప్పండి, మొదట మూడో సిలిండర్. యాక్సిలరేటర్ తొక్కకపోతే గాలి అందక నాలుగూ తక్కువ చూపిస్తాయి. బ్యాటరీ ఫుల్‌గా ఉండాలి.

తర్వాత ఆ సిలిండర్‌లోకి ఒక టీ స్పూను, అంటే 5 మి.లీ. ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ తిప్పండి. బాగా పెరిగితే పిస్టన్ రింగులు. పెరగకపోతే వాల్వులు.

నా అనుమానం ఎగ్జాస్ట్ ట్యాపెట్ టైట్. ట్యాపెట్ అంటే క్యామ్‌షాఫ్ట్ ముక్కు నొక్కుడును వాల్వుకు అందించే గిన్నె, టైట్ అంటే క్యామ్‌కూ దానికీ మధ్య సందు తగ్గిపోవడం. 80 వేల కి.మీ. గ్యాస్ మీద తిరిగిన, షిమ్ములు (సందు సరిచేసే బిళ్లలు) లేని బకెట్ ట్యాపెట్ల ఇంజిన్‌కు ఇది దాదాపు రాసిపెట్టిన జబ్బు.

స్పీడ్‌బ్రేకర్

ట్యాపెట్లు అరిగితే టకటక శబ్దం రావాలి కదా? ఆయన శబ్దం ఉందని ఎక్కడా చెప్పలేదు.

ఫిల్లర్‌గేజ్

లూజైతే శబ్దం. టైటైతే నిశ్శబ్దం, అదే ప్రమాదం. గ్యాస్ పొడిగా మండుతుంది. పెట్రోల్ తడి ఇచ్చే చల్లదనం గానీ, వాల్వు ముఖానికీ సీటుకూ మధ్య మెత్తగా నిలిచే పొర గానీ దానితో ఉండవు. వాల్వు సీటు మెల్లగా అరిగి వాల్వు తల హెడ్డులోకి దిగుతుంది. తల లోపలికి దిగితే కాడ చివర క్యామ్ వైపు పైకి లేస్తుంది. అక్కడున్న 0.30 మి.మీ. సందు తరుగుతూ వస్తుంది. సందు సున్నా అయితే వాల్వు పూర్తిగా మూసుకోదు.

కృష్ణాతీరం

ఒక సందేహం. వేడెక్కితే వాల్వు సాగి సందు ఇంకా తగ్గాలి కదా. మరి ఆయన బండి వేడెక్కాక బాగవుతోంది. లెక్క తిరగబడింది.

ఫిల్లర్‌గేజ్

మంచి ప్రశ్న. అందరూ ఇక్కడే తడబడతారు. సాగేవి రెండు: వాల్వు, హెడ్డు. రెండూ ఒకే వేగంతో వేడెక్కవు.

స్టార్ట్ చేసిన అర నిమిషంలోనే ఎగ్జాస్ట్ వాల్వు బాగా వేడెక్కి పొడుగవుతుంది. హెడ్డు పెద్ద లోహం ముద్ద, చుట్టూ చల్లటి కూలెంట్, అది ఇంకా కదలదు. అప్పుడు సందు అన్నిటికన్నా తక్కువ. నాలుగైదు నిమిషాలకు హెడ్డు కూడా వేడెక్కుతుంది. అది అల్యూమినియం, వాల్వు స్టీలు కన్నా ఎక్కువ సాగే లోహం. క్యామ్‌షాఫ్ట్‌ను మోస్తున్నది హెడ్డే కాబట్టి క్యామ్‌ను వాల్వుకు దూరంగా లేపుతుంది, సందు కొంత తిరిగొస్తుంది. ఈ రకం కొన్ని ఇంజిన్ల మాన్యువల్‌లో వేడి మీద సందు చల్లటి సందుకన్నా కాస్త ఎక్కువ రాసి ఉండేది ఇందుకే.

హైవే మీద గ్యాస్‌తో లాగితే హెడ్డు వేడి థర్మోస్టాట్ పుణ్యమా అని స్థిరంగా ఉంటుంది, ఎగ్జాస్ట్ వాల్వు మాత్రం మరీ వేడెక్కుతుంది. మళ్లీ సందు పోతుంది. తోలుతున్నప్పుడు తెలియదు, ఎందుకంటే ఎక్కువ ఆర్‌పీఎంలో గాలి కారిపోవడానికి సమయం చాలదు. టోల్ గేట్ దగ్గర ఆర్‌పీఎం పడగానే బయటపడుతుంది. ఆ ఒక్క వాక్యం గుంటూరు గారు రాయకపోతే ఇంత గట్టిగా చెప్పేవాణ్ణి కాదు.

గుంటూరు_హ్యాచ్

చెప్పినట్టే చేశాం. ఊగడం మొదలయ్యాక ఆపి కొలిస్తే మూడో సిలిండర్ 6.4 బార్, మిగతావి 12 పైనే. ఆయిల్ పోశాక 6.9. బ్లాక్ టెస్ట్ ద్రవం నీలంగానే ఉంది.

తర్వాత లీక్‌డౌన్ (సిలిండర్‌లోకి గాలి పంపి ఎంత కారుతుందో చూసే పరీక్ష) కూడా పెట్టించాను, పూర్తిగా చల్లగా, 7 బార్ గాలితో. ఒకటిలో 8 శాతం, మూడులో 19 శాతం. మూడోదాని గాలి సైలెన్సర్ చివర సన్నగా వినిపించింది. ఆయిల్ మూత దగ్గర, థ్రాటిల్ దగ్గర ఏమీ లేదు.

ఫిల్లర్‌గేజ్

సైలెన్సర్‌లో శబ్దం అంటే ఎగ్జాస్ట్ వాల్వు. థ్రాటిల్‌లో అయితే ఇంటేక్, ఆయిల్ మూతలో అయితే రింగులు, రేడియేటర్‌లో బుడగలైతే గ్యాస్కెట్. 6.4 నుంచి 6.9కే పెరిగింది కాబట్టి రింగులు కావు. కవర్ విప్పండి.

లేత్_బెజవాడ

ఇక్కణ్ణుంచి నా పని. ట్యాపెట్ కొలిచేది పూర్తిగా చల్లారిన ఇంజిన్ మీద, రాత్రంతా ఆగాలి. ప్లగ్గులు తీసేస్తే చేత్తో తిప్పడం తేలిక. క్రాంక్ పుల్లీ బోల్టుకు సాకెట్ పెట్టి ఇంజిన్ తిరిగే దిశలోనే తిప్పండి, వెనక్కి తిప్పితే చైన్ వదులై లెక్క తప్పొచ్చు. ఏ వాల్వు కొలుస్తున్నారో దాని క్యామ్ ముక్కు ట్యాపెట్‌కు పూర్తిగా అవతలి వైపు చూడాలి.

ఫిల్లర్ గేజ్ బ్లేడు కొంచెం ఒరుసుకుంటూ జారాలి. బలవంతంగా దూర్చకండి. పదహారూ కాగితం మీద పటం గీసి రాయండి. ఈ తరహా ఇంజిన్లకు సాధారణంగా చల్లగా ఇంటేక్ 0.18-0.22, ఎగ్జాస్ట్ 0.28-0.32 ఉంటుంది, కానీ మీ ఇంజిన్ మాన్యువల్ అంకే ఖాయం చేసుకోండి. సందు తమంతట తామే సరిచేసుకునే హైడ్రాలిక్ ట్యాపెట్ల బండి అయితే ఈ పనే లేదు.

గుంటూరు_హ్యాచ్

మాన్యువల్‌లో కూడా అవే అంకెలు ఉన్నాయండి. కొలతలు:

ఇంటేక్ ఎనిమిదీ 0.16 నుంచి 0.19 మధ్య.
ఎగ్జాస్ట్: ఒకటి 0.17, 0.15. రెండు 0.13, 0.14. మూడు 0.10, ఇంకోదాంట్లో 0.04 బ్లేడు కూడా దూరలేదు. నాలుగు 0.16, 0.18.

లేత్_బెజవాడ

అదిగో. ఎగ్జాస్ట్ ఎనిమిదీ టైటే, మూడోది ముందు పడిపోయింది అంతే. మిగతావి కూడా అదే దారిలో ఉన్నాయి, కాబట్టి ఒక్కటి మార్చి ఊరుకోకండి, ఎనిమిదీ సరిచేయండి. ఇంటేక్‌లో 0.16 వచ్చినవి కూడా.

లెక్క ఇది: కొత్త ట్యాపెట్ మందం = పాత మందం + కొలిచిన సందు − కావాల్సిన సందు.

ఉదాహరణకు పాతది 3.12, కొలత 0.14, కావాల్సింది 0.30 అయితే 3.12 + 0.14 − 0.30 = 2.96. పాత ట్యాపెట్ మీద రాసిన అంకెను నమ్మొద్దు, మైక్రోమీటర్‌తో నడి మధ్యలో కొలవాలి. వెర్నియర్ కాలిపర్ ఈ పనికి చాలదు.

బ్లేడే దూరని వాల్వుకు ఈ లెక్క నేరుగా కుదరదు, సందు ఎంతో తెలియదు కాబట్టి. ఒక పలచటి ట్యాపెట్ పెట్టి క్యామ్ బిగించి కొలవండి. 3.00 పెడితే 0.26 వచ్చిందనుకోండి, 3.00 + 0.26 − 0.30, కావాల్సింది 2.96. రెండోసారి క్యామ్ విప్పాల్సి వస్తుంది, తప్పదు. ఒక చోట తీసిన ట్యాపెట్ ఇంకో చోట సరిపోవచ్చు, ముందు ఉన్నవన్నీ కొలిచి పేర్చుకుంటే కొనాల్సినవి తగ్గుతాయి.

ట్యాపెట్ల కోసం క్యామ్‌షాఫ్ట్‌లు లేపాలి, అందుకు చైన్ వదలాలి. చైన్, స్ప్రాకెట్ల మార్కులు పెయింటుతో గుర్తు పెట్టుకోండి. టెన్షనర్ పిన్నుతో లాక్ చేయకుండా చైన్ వదిలితే అది బయటికి తన్నుకొచ్చి కూర్చుంటుంది. ఇంజిన్‌ను బట్టి టైమింగ్ కవర్ మొత్తం విప్పాల్సి రావచ్చు, మజూరీ మాట్లాడుకునే ముందే ఇది అడగండి.

క్యామ్ క్యాపుల మీద నంబరు, బాణం గుర్తు ఉంటాయి. తారుమారు చేస్తే క్యామ్ పట్టేస్తుంది. విప్పేటప్పుడు, బిగించేటప్పుడు ప్రతి బోల్టూ కొంచెం కొంచెంగా, మాన్యువల్‌లోని వరసలో. ఒక చివర ముందే వదిలేస్తే స్ప్రింగుల ఒత్తిడికి క్యామ్ విరిగిన సందర్భాలున్నాయి. ఈ చిన్న 6 మి.మీ. బోల్టులకు 10-11 న్యూటన్ మీటర్లు చాలు. టార్క్ రెంచి లేకుండా చేతి అంచనాతో బిగించే మేస్త్రీకి హెడ్డు అప్పగించకండి, మర పోతే హెలికాయిల్ (కొత్త మర వేయించే) ఖర్చు మీదే.

అంతా అయ్యాక ప్లగ్గులు లేకుండా చేత్తో క్రాంక్ రెండు పూర్తి చుట్లు తిప్పి, మార్కులు మళ్లీ చూసి, అప్పుడు సెల్ఫ్ కొట్టాలి. ఎక్కడైనా గట్టిగా ఆగితే ఆపేయండి, వాల్వు పిస్టన్‌కు తగులుతోంది. హెడ్డు కవర్ గ్యాస్కెట్, ప్లగ్ ట్యూబ్ సీళ్లు కొత్తవి. టైమింగ్ కవర్, హెడ్డు కలిసే మూలల్లో చిన్న చుక్క సీలెంట్, ఎక్కువ రాస్తే లోపల ఊడి ఆయిల్ దారుల్లో పడుతుంది.

కోస్తా_రైడర్

వానలో, బండి కడిగించాక మాత్రమే మిస్సింగ్ వస్తే?

కరీంనగర్_కాయిల్

ప్లగ్గు గుంటల నీళ్లు, లేదా కాయిల్ బూటు పగులు. చీకట్ల ఇంజిన్ నడిపిస్తూ స్ప్రే సీసాతోని కాయిల్స్ చుట్టూ నీళ్లు చల్లు, నీలం మెరుపు ఎక్కడ దూకితే అదే. చెయ్యి దూరం పెట్టు. ఇంజిన్ మీద ప్రెషర్ వాష్ కొట్టనీయకు.

గుంటూరు_హ్యాచ్

పని పూర్తయింది. ఎగ్జాస్ట్ ఎనిమిది ట్యాపెట్లూ, ఇంటేక్‌లో మూడూ మారాయి. బ్లేడు దూరని దానికి పాతది 3.24 ఉంది, వేసింది 2.96. అంటే చల్లగా మిగిలిన సందు 0.02 మాత్రమే.

పొద్దున స్టార్ట్‌లో ఊగడం లేదు. అదే వేళకు ఆపి కొలిస్తే మూడో సిలిండర్ 12.1 బార్. షార్ట్ ట్రిమ్ ±2 మధ్య తిరుగుతోంది, లాంగ్ ట్రిమ్ +2కి దిగింది. ఆక్సిజన్ సెన్సార్ పాతదే. లీక్‌డౌన్ మూడులో 13 శాతం, మిగతావి 8-9. ఆ 13 గురించి భయపడాలా? హెడ్డు దించమని ఒకరు అంటున్నారు.

ఫిల్లర్‌గేజ్

ఇప్పుడే దించకండి. ఇన్నాళ్లు సరిగ్గా మూసుకోని వాల్వు ముఖం మీద మంట కొంత గరుకు చేసి ఉంటుంది. సందు సరిగా ఉంటే సీటు మీద కొట్టుకుంటూ చాలావరకు అదే కూర్చుంటుంది. 1,000 కి.మీ. తిరిగాక మళ్లీ లీక్‌డౌన్ పెట్టించండి. 13 నుంచి తగ్గినా, అక్కడే ఉన్నా వదిలేయండి. 20 దాటితే వాల్వు అంచు కాలినట్టు, అప్పుడు హెడ్డు దించి ఆ వాల్వు మార్చి సీటు కోయించాలి. ల్యాపింగ్ పేస్టుతో రుద్ది సరిపెడతామంటే ఒప్పుకోకండి, కాలిన అంచు రుద్దితే పోదు.

లేత్_బెజవాడ

దించాల్సి వస్తే ఎగ్జాస్ట్ సీట్లు గట్టి రకం వేయించండి, గ్యాస్ బండికి పాత రకం సీటే మళ్లీ కోస్తే ఇంకో 60-70 వేలకు ఇదే కథ. ఆటోనగర్ లేత్ షాపుల్లో సీటు పీకి కొత్తది కొట్టే పని చేస్తారు, కోసినచోట హెడ్డు సమతలం కూడా చూడమనండి.

కృష్ణాతీరం

గ్యాస్ బండ్లకు వాల్వు సీట్ల కోసం లూబ్ చుక్కలు వేసే బాటిల్ కిట్లు అమ్ముతున్నారు. పనికొస్తాయా?

ఫిల్లర్‌గేజ్

ఎల్‌పీజీ, సీఎన్‌జీ బండ్ల కోసమే చేసినవి, అరుగుదల వేగం తగ్గించొచ్చు. కానీ ఇంటేక్ మ్యానిఫోల్డ్‌లో ఒకే చోట చుక్కలు పడే రకంలో నాలుగు సిలిండర్లకూ సమానంగా అందుతుందని నేను నమ్మను. ఆ డబ్బుతో ప్రతి 40,000 కి.మీ.కి కవర్ విప్పి సందులు కొలిపించుకోవడం మేలు. ఎగ్జాస్ట్ ఏదైనా 0.20 కిందికి వస్తే సరిచేయించాలి. అలాగే రోజూ గ్యాస్ మీదే తోలినా వారానికోసారి పదిహేను ఇరవై కి.మీ. పెట్రోల్ మీద తోలండి, ఇంజెక్టర్లు గడ్డకట్టకుండా ఉంటాయి, ట్యాంకులో పెట్రోల్ పాతబడదు.

గుంటూరు_హ్యాచ్

1,000 కి.మీ. అయ్యాక లీక్‌డౌన్ అంకెలు ఇదే థ్రెడ్‌లో పెడతాను. టోల్ గేట్ పరీక్ష మాత్రం అయింది, గంటన్నర గ్యాస్ మీద లాగి ఆపినా ఐడ్లింగ్ 750 దగ్గర కదల్లేదు.